అమ్మ ఎవరినీ చూడనంటోంది

మా అమ్మ పోయి నెల దాటింది. డెబ్బై దాటిన మనిషి, ఎవరిచేతా మంచంలో చేయించుకోకుండా, ఒక ఉదయం జావ తాగి కాసేపు ఒరుగుతానని పడుకుని ఇక లేవలేదు. సమాధి దగ్గర పాస్టరుగారు మాట్లాడుతూ "ఎస్తేరమ్మగారు క్యాన్సరునే జయించిన తల్లి" అన్నారు. వచ్చినవాళ్లంతా తలలూపారు. తర్వాత ఇంటికొచ్చి కాఫీ తాగినవాళ్లు కూడా అదే మాట. ఆ రోజుల్లో ఆ జబ్బు నుంచి బయటపడ్డం మాటలా అని, అప్పుడు నువ్వే కదమ్మా కాలేజీ మానేసి మీ అమ్మని కనిపెట్టుకుని ఉన్నావు అని నన్ను మెచ్చుకున్నారు. నేను కాఫీ గ్లాసులు ఏరుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. ఆ వేసవి గురించి వాళ్లకి తెలిసింది అంతవరకే. మిగతాది రాద్దామని ఇన్నేళ్లలో చాలాసార్లు కూర్చుని లేచాను. అమ్మ బతికుండగా రాయలేకపోయాను. ఇప్పుడు చదివి బాధపడేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మా ఊరికి గుండుగొలనులో బస్సు దిగి కొల్లేరు వైపు ఆటోలో లోపలికి వెళ్లాలి. దారి పొడుగునా రెండు పక్కలా చేపల చెరువులే. నాన్న ఆ చెరువుల మీద మేత పని చేసేవాడు. తవుడూ వేరుశనగ చెక్కపొడీ కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, చిన్న పడవ మీద వెళ్లి చెరువులో పాతిన కర్రలకి కట్టి రావడం ఆయన పని. చీకటి విడకముందే వెళ్లి, ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇంటికి వచ్చేవాడు. ఆయనకన్నా ముందు ఆయన వాసన వచ్చేది. నానిన తవుడు, చేప జిగురు, చెరువు బురద, మూడూ కలిసిన వాసన. మా చొక్కాలకీ దుప్పట్లకీ నా కాలేజీ పుస్తకాలకీ కూడా ఆ వాసన ఉండేదని ఏలూరులో తోటి ఆడపిల్లలు చెబితే తెలిసింది. ఇంట్లో ఉన్నంతకాలం దాన్ని వాసన అనుకోలేదు. అమ్మకి కీమో మొదలయ్యాకే మా ఇంటికి ఒక వాసన ఉందని మేమందరం కనిపెట్టాం.

అమ్మ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఆమెకి ఎప్పటినుంచి తెలుసో మాకు తెలీదు. చెప్పేసరికి అది నిమ్మకాయంత అయ్యింది. క్రిస్మస్‌కి ముందు బెజవాడలో ఆపరేషన్ చేసి తీసేశారు. పండగ వెళ్లాక మందు ఎక్కించడం మొదలుపెడతామన్నారు. మూడు వారాలకొకసారి, మొత్తం ఆరుసార్లు. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నాన్న పని మానుకుంటే ఇల్లు గడవదు. ఇంట్లో నాకన్నా పెద్దా చిన్నా ఎవరూ లేరు. కాలేజీ మానెయ్యమని నాతో ఎవరూ అనలేదు, మానొద్దనీ అనలేదు. ఒక సోమవారం నేను బస్సెక్కలేదు, అంతే.

మందు రోజున మేమిద్దరం తెల్లారగట్ల ఆటోలో గుండుగొలను వెళ్లి, ఏలూరు బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకుని బెజవాడ చేరేవాళ్లం. ఎర్రటి మందు. చెయ్యి నరంలోంచి చల్లగా లోపలికి పోతుంటే అమ్మ రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని కిటికీ వైపు చూసేది. సాయంత్రం తిరుగు బస్సులో వాంతి వస్తుందని నా ఒళ్లో ప్లాస్టిక్ కవర్లు, తడిగుడ్డ, నిమ్మాకులు. నిమ్మాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త ఆగేది. గుండుగొలను చేరే వేళకి ఆ ఆకులు నల్లబడి ఉండేవి. ఇంటికొచ్చాక మూడు రోజులు ఆమె మంచం దిగేది కాదు. నాలుగో రోజు లేచి గోడ పట్టుకుని పెరట్లోకి నడిచేది. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఒంట్లో తెల్ల కణాల కౌంటు పడిపోయే రోజులు. ఆ లెక్క నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. ఎవరైనా కీమోకి వెళ్లొచ్చారంటే నా వేళ్లు వాటంతట అవే రోజులు లెక్కబెడతాయి.

పోపు వాసన పడదు, కొత్తిమీర పడదు, అన్నం ఉడికే వాసన పడదు. చేప సంగతి చెప్పనక్కరలేదు. కొల్లేటి ఊళ్లో చేప లేకుండా ఒక పూట గడవదు, అలాంటిది మా ఇంట్లో ఆరు నెలలు చేప పొయ్యెక్కలేదు. పెరట్లో దడి అవతల ఇటుకలు పేర్చి అక్కడ వండేదాన్ని. నాన్న చెరువు గట్టునే బోరు కింద ఒకసారి, ఇంటి దగ్గర మళ్లీ ఒకసారి ఎర్ర సబ్బుతో రుద్దుకుని, బట్టలు బయటే తీగ మీద వేసి, నోట్లో లవంగం పెట్టుకుని వచ్చి అమ్మ మంచానికి నాలుగు అడుగుల దూరంలో నేల మీద కూర్చునేవాడు. "వస్తోందా?" అని అడిగేవాడు. "లేదండి" అనేది అమ్మ. వచ్చేదని మా ముగ్గురికీ తెలుసు.

మూడో వారంలో జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెనలో, తలగడ మీద, జావ గిన్నెలో. పీచులు పీచులుగా మిగిలిన ఆ తలని ఎవరికీ చూపించలేక కొంగు కప్పుకుని తిరుగుతుంటే, ఒకరోజు నాన్న కొత్త బ్లేడు తెచ్చి, పెరట్లో ముక్కాలిపీట మీద అమ్మని కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ తనే గుండు చేశాడు. పడవ కట్లు బిగించే ముతక చేతులు, ఒక్క గాటు పడనివ్వలేదు. అయ్యాక అమ్మ చేత్తో తల తడుముకుంది. నాన్న ఆ జుట్టంతా పోగుచేసి గొయ్యి తీసి కప్పెట్టాడు. మర్నాడు దారిన పోయే ఒకావిడ దడి మీంచి చూసి "ఏవండీ ఎస్తేరమ్మగారూ, మీరు కూడా తిరుపతి వెళ్లొచ్చారా?" అంది. అమ్మ నవ్వింది. ఆ ఆరు నెలల్లో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మనుషుల రాకపోకలు మొదటి నుంచీ ఎక్కువే. మా పేటలో ఒకరికి ఒంట్లో బాగోలేదంటే ఇంటింటి నుంచీ వచ్చి మంచం పక్కన కూర్చోవడం, చెయ్యి పట్టుకుని ప్రార్థన చెయ్యడం, వెళ్తూ రెండు బత్తాయిలు పెట్టిపోవడం మర్యాద. రెండోసారి మందు ఎక్కించిన వారానికి పక్కింటి సుందరమ్మగారు జలుబుతోనే వచ్చారు. అమ్మ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆవిడ ముక్కు చీదుకోవడం నేను చూస్తూనే ఉన్నాను, పెద్దావిడని ఎలా లేవమంటాను. నాలుగో రోజున అమ్మకి జ్వరం అందుకుంది. ఒళ్లు కాలిపోయి మాట తడబడింది. ఏలూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. ఐదో రోజున డాక్టరుగారు నాన్నని వరండాలోకి పిలిచి ఏదో చెప్పారు. నాన్న తిరిగొచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడిపోయాడు. అమ్మ ఎలాగో గట్టెక్కింది.

మూడోసారి బెజవాడ వెళ్లినప్పుడు అక్కడి నర్సు నన్ను పక్కకి పిలిచింది. "చూడమ్మాయ్. వికారం తగ్గిపోతుంది, జుట్టు మళ్లీ వస్తుంది. కౌంటు పడిపోయినప్పుడు జ్వరం వచ్చిందంటే మాత్రం మనిషి దక్కడం కష్టం. ఒకసారి దక్కారు, రెండోసారి ఏమో. ఎవర్నీ దగ్గరికి రానివ్వకు. మొహమాటపడ్డావంటే మీ అమ్మని నువ్వే పోగొట్టుకుంటావు."

ఆ మాటతో నేను మారిపోయాను. వీధి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేదాన్ని. చేతిలో ఏ బియ్యం చేటో ఉండేది గానీ నా కళ్లు తడిక మీదే. ఎవరొచ్చినా తడిక దగ్గరే ఆపేసి, అమ్మ బాగానే ఉందండి, లోపలికి రాకూడదండి, డాక్టరుగారు వద్దన్నారండి అని మూడు ముక్కలు చెప్పి పంపేసేదాన్ని. చర్చి సంఘం పెద్దల్నీ పంపేశాను. పాస్టరుగారిని వీధిలో నిలబెట్టి ప్రార్థన చేయించాను. ఎస్తేరమ్మ కూతురికి పొగరెక్కిందని పేటలో అనుకున్నారు. నాకూ తెలిసింది. బాధేమీ కలగలేదు. నిజం చెప్పాలంటే ఆ అధికారం నాకు నచ్చింది. పందొమ్మిదేళ్లకి నా మాట మీద పెద్దవాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. నీళ్లు నేనే కాస్తున్నాను, మాత్రలు నేనే ఇస్తున్నాను, థర్మామీటరు నేనే చూస్తున్నాను. ఆ మనిషి ప్రాణం నా చేతిలో ఉందనే నమ్మకం నన్ను నిలబెట్టింది. అదే నమ్మకం నాలో మరొకటి కూడా పెంచింది, అప్పుడు నేను చూసుకోలేదు.

అమ్మకి ఒక్కతే అక్క, దీనమ్మ పెద్దమ్మ. నల్లజర్లలో ఉండేది. పెద్దనాన్న అక్కడ టైలరు. వాళ్లకి పిల్లల్లేరు. అమ్మకి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ పోతే, పదహారేళ్ల పెద్దమ్మ చెల్లెల్ని చంకనేసుకునే కాపురానికి వెళ్లిందట. పెద్దనాన్న అభ్యంతరం పెట్టలేదు. అమ్మని బడికి పంపిందీ పెళ్లి చేసిందీ వాళ్లే. ఆపరేషన్ అప్పుడు పెద్దమ్మ బెజవాడలో వారం రోజులు ఆసుపత్రి నేల మీద పడుకుంది. తర్వాత పెద్దనాన్నకి కాలు విరిగి కట్టు కట్టడంతో రాలేకపోయింది. ఉత్తరాలు రాసేది. ఫోను చెయ్యాలంటే ఆవిడ సెంటరుకి నడిచి వెళ్లాలి, ఇక్కడ మాకు చేపల ఏజెంటు ఇంటి నుంచి కబురు రావాలి.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం వెళ్లిన మర్నాడు పెద్దమ్మ వచ్చింది. నాలుగోసారి మందు ఎక్కించి పదో రోజు. ఆ విడత అమ్మకి నోరు పూసింది. నాలిక మీద, బుగ్గల లోపల, గొంతు దాకా పుళ్లు. మంచినీళ్లు మింగాలన్నా కళ్లనీళ్లు వచ్చేవి. మాట పూర్తిగా ఆగిపోయింది. ఏదైనా కావాలంటే స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టేది.

పెద్దమ్మ నల్లజర్లలో మొదటి బస్సెక్కి, తాడేపల్లిగూడెంలో మారి, గుండుగొలనులో దిగి, ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది. తల నిండా ఎర్ర దుమ్ము. చేతిలో గుడ్డసంచి, దాన్నిండా ముంజలు, పచ్చి జీడిపప్పు. తడిక తీసుకుని సరాసరి లోపలికి వస్తుంటే నేను లేచి ఎదురెళ్లాను.

"ఏమ్మా బుజ్జీ, ఇలా చిక్కిపోయావేంటి? అమ్మెలాగుంది?"

"పరవాలేదు పెద్దమ్మా. అక్కడే అరుగు మీద కూర్చో. లోపలికి రాకూడదు."

"నేను రాకూడదేంటే?"

"ఎవరూ రాకూడదు. డాక్టరుగారు చెప్పారు."

ఆవిడ ఏదో అనబోయి దగ్గింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"జలుబు చేసిందా నీకు?"

"జలుబు కాదు తల్లీ, దుమ్ము. దారంతా రోడ్డు తవ్వేశారు. ఉండు, కాళ్లూ చేతులూ కడుక్కుంటాను. కావాలంటే నీళ్లు పోసుకుని నీ చీరొకటి కట్టుకుంటాను. గుమ్మంలో నిలబడి చూసి పోతాను. ముట్టుకోనులే."

అంతకన్నా సబబైన మాట ఇంకేముంటుంది. ఇవాళ తల్చుకుంటే ఆ మాటలో ఒక్క అక్షరం కాదనడానికి నాకు కారణం కనిపించదు. లోపల గ్లాసు చప్పుడైంది. నేను వెళ్లాను. అమ్మ మోచేతి మీద లేచి కూర్చుంది. గొంతు విని ఉంటుంది. వీధి వైపు వేలు చూపించి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, పెదాలు కదిపింది. అక్క, అంటోంది.

"దగ్గుతోందమ్మా" అన్నాను. "మొన్న రక్తపరీక్షలో కౌంటు ఎంతుందో నీకు తెలుసు కదా."

అమ్మ మళ్లీ చూపించింది. ఈసారి కిటికీ వైపు. మంచం పక్కనే ఉన్న కిటికీ, దాని అవతల పెరడు. అక్కడ నిలబెట్టి చూపించమని.

"సరే. కిటికీ దగ్గరికి తీసుకొస్తాను" అని బయటికి వచ్చాను. తీసుకురావాలనే వచ్చాను. ఈలోపు పెద్దమ్మ కాళ్లు కడుక్కుని గుమ్మం మెట్టు మీదకి ఎక్కేసింది. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. నేను చేతులు రెండూ గుమ్మానికి అడ్డం పెట్టాను.

"ఎస్తేరు లేచే ఉంది కదా, చప్పుడు విన్నాను. జరుగమ్మా. నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలుసు. దాన్ని ఎత్తుకుని పెంచింది నేను."

కోపంగా అనలేదు. చెల్లెల్ని చూడాలనే ఆత్రంలో అంది. కానీ చిన్నపిల్లవి అన్న మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. నాలుగు నెలలుగా వాంతులెత్తి పోసింది నేను, పుళ్లు కడిగింది నేను, చదువు వదులుకున్నది నేను, ఇప్పుడు ఈవిడొచ్చి నన్ను జరగమంటోంది. కిటికీ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. దాని బదులు వేరే మాట వచ్చింది. అమ్మకి వినపడకుండా, గొంతు తగ్గించి అన్నాను.

"అమ్మే చెప్పింది పెద్దమ్మా. ఎవరినీ చూడనంటోంది."

"నన్ను కూడానా?"

"ఎవరినీ అంది."

 పెద్దమ్మ మెల్లగా మెట్టు దిగి, అరుగు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. మంచినీళ్లు ఇస్తానన్నాను, వద్దంది. సంచి నా చేతికిచ్చి "మెత్తటివి ఏరి తెచ్చాను, చిదిపి పెట్టు" అంది. తడిక దాటాక ఒకసారి ఇంటి వైపు తిరిగి చూసింది. రోడ్డు మీద ఆటో ఏదీ లేదు. ఎండలో గుండుగొలను వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నేను లోపలికి వెళ్లేసరికి అమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని పెరట్లోకి చూస్తోంది.

"బస్సుకి టైమైపోయిందని వెళ్లిపోయిందమ్మా. మళ్లీ వస్తానంది."

అమ్మ నన్ను చూసి, కిటికీ చూసి, పడుకుంది. ముంజలు పచ్చివి పెట్టకూడదు గనక సుందరమ్మగారింటికి పంపేశాను.

ఐదోసారి మందు ఎక్కించాక, ఈస్టరు వెళ్లిన రెండో వారంలో, నాన్న పొద్దున్న పదిగంటలకే ఇంటికొచ్చాడు. కాళ్లకి బురద, ఒంటి మీద తవుడు. స్నానం చెయ్యకుండా తిన్నగా అమ్మ మంచం దగ్గరికి వచ్చాడు. అప్పుడే అమ్మకి అర్థమైపోయింది.

"ఎవరండీ?" అంది.

"మీ అక్క. తెల్లారగట్ల నీళ్లు తోడుతూ పడిపోయిందంట. గుండెపోటు. ఏజెంటుగారింటికి ఫోనొచ్చింది."

అమ్మ దుప్పటి పక్కకి తీసి కాళ్లు కిందికి పెట్టింది. "నేనొస్తాను."

నాన్న నా వైపు చూశాడు. ఎనిమిదో రోజు. వేసవి ఎండ, మూడు బండ్లు మారాలి, చావింట్లో ఊరంతా ఉంటుంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ ఊపడంలో తప్పేమీ లేదు, ఏ డాక్టరైనా అదే చెబుతారు. అమ్మ నా మొహంలోకి చూసి, కాళ్లు మళ్లీ మంచం మీదకి తీసుకుంది. వాదించలేదు.

"నన్ను చూడ్డానికొచ్చి మంచినీళ్లయినా తాగకుండా పోయింది" అంది. అంతే అంది.

నాన్న ఒక్కడే వెళ్లాడు. అమ్మ వసారాలో కుర్చీ వేయించుకుంది. వాళ్లు పెట్టె మూసే వేళ ఇదీ, సమాధుల తోటకి తీసుకెళ్లే వేళ ఇదీ అని తనలో తను లెక్క వేసుకుంటూ, గుండుతలకి తెల్లగుడ్డ చుట్టుకుని, రోడ్డు వైపు తిరిగి సాయంత్రం దాకా కూర్చుంది. నేను రెండుసార్లు జావ తీసుకెళ్లాను. రెండుసార్లూ తాగింది. చెప్పడానికి అదొక అవకాశం. ఆ రోజు చెబితే ఆమె ఏమయిపోతుందో అనుకున్నాను. జ్వరం వస్తుందేమో అనుకున్నాను. కారణాలు బోలెడు దొరికాయి.

మందులు అయిపోయి, వానలు పడి, చెరువులు నిండాయి. అమ్మ తల మీద పావు అంగుళం జుట్టు వచ్చింది, నల్లగా, చిన్నపిల్లల జుట్టులా మెత్తగా. కౌంటు బాగుందన్నారు. ఎక్కడికైనా వెళ్లొచ్చా అని డాక్టరుగారిని అడిగి, ఆ వారంలోనే నల్లజర్ల ప్రయాణం కట్టింది. నన్ను తోడు రమ్మంది.

పెద్దనాన్న ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని ఉన్నారు. కట్టు విప్పినా కాలు ఇంకా చాపుకునే ఉన్నారు. ఆయన గడ్డం అంతకుముందు తెల్లగా ఉండేది కాదు. అమ్మని చూసి లేవబోయారు, అమ్మ వద్దండి అంటూ ఎదురుగా చాప మీద కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. "అమ్మాయ్, లోపల పాలున్నాయి, టీ పెట్టమ్మా" అన్నారాయన నాతో. నేను పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లాను. డబ్బాల మీద ఆవిడ చేతిరాతతో అంటించిన చీటీలు, చక్కెర, టీపొడి, కందిపప్పు. మరిగిన టీ గ్లాసుల్లో పోస్తుంటే ముందుగదిలో మాటలు స్పష్టంగా వినిపించాయి.

"ఎస్తేరూ, నిన్నొక మాట అడుగుదామని ఎప్పటినుంచో ఉంది. అడగనా?"

"అడగండి బావగారూ."

"అది మీ ఇంటికొచ్చిన రోజు దాన్ని చూడనన్నావంట. ఎందుకమ్మా అలా అన్నావు?"

నేను గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాను. ఎందుకు వచ్చానో తెలీదు, కాళ్లు వచ్చాయి.

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు" అంటున్నారు పెద్దనాన్న. "ఏవండీ, నేనేం తప్పు చేశానండీ, ఎస్తేరు నన్ను చూడనంది అని నన్నడిగింది. నేనేం చెప్పను? జబ్బు మనిషి ఏదో అంటుందిలే అన్నాను. వినలేదు. పోయేదాకా రోజూ అదే. ఏం తప్పు చేశాను, ఏం తప్పు చేశాను అని."

అమ్మ తల తిప్పి నన్ను చూసింది. ఎంతోసేపు కాదు.  ఆ చూపులో కోపం ఉందా అని తర్వాత వందలసార్లు వెతుక్కున్నాను. లెక్క తేల్చుకున్నట్టుగా చూసింది. కిటికీ దగ్గర తను ఎదురుచూడ్డం, బస్సుకి టైమైందని నేను చెప్పడం, అన్నీ ఒకచోటికి వచ్చి కలిసినట్టు. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అవును బావగారూ" అంది. "నేనే అన్నాను. ఆ గుండుతో, ఆ మొహంతో అక్కకి కనపడలేకపోయాను. దీన్ని పంపి చెప్పించాను. తప్పు నాదే."

 "తల్లిలా పెంచింది కదమ్మా" అన్నారు పెద్దనాన్న. కాలు ఈడ్చుకుంటూ మిషను దగ్గరికి జరిగి, సగం కుట్టిన గుడ్డ ముందుకి లాక్కున్నారు. టీ ముట్టుకోలేదు. తోటకి మాతో రాలేదు.

సమాధి ఇంకా కట్టలేదు, మట్టి గుట్టగానే ఉంది, వానలకి గడ్డి మొలిచింది. అమ్మ పక్కన చతికిలబడి గడ్డి పీకడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు నేను" అని మొదలుపెట్టాను.

"ఆ చివర ఇంకా ఉంది చూడు, వేళ్లతో రావాలి" అంది.

పీకాను. తిరుగు బస్సులో నిద్రపోయింది, లేక కళ్లు మూసుకుంది. ఆ తర్వాత పదేళ్ల దాకా మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు.

నేను డిగ్రీ పూర్తి చేశాను, బీఈడీ చేశాను, తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, పెళ్లి. గూడెం నుంచి నల్లజర్ల దగ్గర గనక ఆదివారం ప్రార్థన అయ్యాక క్యారియరు తీసుకెళ్లి పెద్దనాన్నకి ఇచ్చి వచ్చేదాన్ని. కళ్లు మందగించి మిషను మానేశాక మా ఇంటికే తెచ్చుకున్నాను. నా చేతి వంట ఆయనకి ఇష్టం. వచ్చినవాళ్లతో, మా దీనమ్మ చెల్లెలి కూతురండి, కన్నకూతురిలా చూస్తుంది అనేవారు. అమ్మతో మాత్రం మాట్లాడలేదు. ఆమె నన్ను చూడ్డానికి వస్తే ఆయన కర్ర తీసుకుని వీధిలోకి వెళ్లిపోయేవారు. అందుకని అమ్మ ఆయన సంఘానికి వెళ్లే వేళ చూసుకుని వచ్చేది. వెళ్తూ ఆయన బట్టలు ఉతికి ఆరేసి పోయేది. ఉతికింది నేననుకునేవారు ఆయన.

ఒకరోజు ఆమె ఆయన చొక్కా పిండుతుంటే ఉండబట్టలేక అడిగాను. ఆ రోజు నల్లజర్లలో ఎందుకమ్మా అలా చెప్పావు, అని. అమ్మ చొక్కా దులిపి తీగ మీద వేసింది.

"ఆయనకి పిల్లల్లేరు. రేపు మంచాన పడితే చూసేది నువ్వే. నీ చేత్తో పెట్టింది తినాలంటే నీ మీద మనసు బాగుండాలి కదా. నాతో ఆయనకేం పని." తీగ మీద చొక్కా చేతులు సరిచేస్తూ, "అయినా నన్ను కాపాడదామనే కదా నువ్వు అలా చెప్పావు" అంది.

"అవునమ్మా" అన్నాను.

మెట్టు మీద పెద్దమ్మ నన్నేమందో, అది నాకెక్కడ తగిలిందో ఆమెకి చెప్పలేదు.

ఇప్పుడు మా గూడెంలో మా వీధి ఒక్కదాంట్లోనే కీమోకి వెళ్లొచ్చే ఆడవాళ్లు ఇద్దరున్నారు. జబ్బు పేరు దాచుకోరు. కారులో వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తారు, వాంతులకి మంచి మందులొచ్చాయి, కౌంటు పెరగడానికి ఇంజెక్షను ఉంది. పరామర్శకి వెళ్తే మాస్కు ఇస్తారు. వెళ్లలేనివాళ్లు ఫోనులో మొహం చూసుకుంటారు. ఒకామె తన చెల్లెలితో అలా గంటసేపు మాట్లాడ్డం మొన్న చూశాను, ఫోను గోడకి ఆనించి, జావ తాగుతూ. ఆ రోజుల్లో ఇవన్నీ లేవు కదండీ, మీరెన్ని కష్టాలు పడ్డారో, అంటుంది ఆమె నాతో. కష్టాల మాట నిజమే. కానీ లేనివాటి వల్ల జరిగినవి వేరు, నా వల్ల జరిగింది వేరు. ఆ రెండూ కలిపేసుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది. కలపడం నాకు చేతకాలేదు.

పెద్దమ్మ పోయాక పెద్దనాన్న పదకొండేళ్లు బతికారు. ఆఖరి వారం మంచం మీదే. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని చెంచాతో జావ పడుతుంటే, ఆయన నా చెయ్యి ఆపి, "ఎస్తేరు ఎలాగుందమ్మా?" అన్నారు. నల్లజర్లలో ఆ రోజు తర్వాత ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

"బాగుంది పెద్దనాన్నా. కబురు పెట్టనా? గంటలో వచ్చేస్తుంది."

"వద్దులే" అన్నారు. "వస్తే మళ్లీ అదే అడుగుతాను. అలా ఎందుకన్నావని."

గదిలో మేమిద్దరమే. ఆయనకి తెలివి నిలకడగా ఉంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, ఆ వాక్యం నాకు పదకొండేళ్లుగా కంఠతా వచ్చు. చెబితే ఆ గంటలో అమ్మ వచ్చేది, ఆయన ఆమెతో మాట్లాడేవారు. చెబితే, ఆ అబద్ధం నాదని తెలిసి ఆయన నా మొహంలోకి కూడా చూసేవారు.

"ఇంకో రెండు చెంచాలు తాగండి పెద్దనాన్నా" అన్నాను.

ఆయన నోరు తెరిచారు.